నెమ్మదిగా తిరిగే రికార్డు

తిరుపతిరావు గారిని చూసి నవ్వారు మీరు. నేను చూడలేదనుకోకండి. కాఫీ తెస్తూ వంటింటి గుమ్మంలోంచి చూశాను. మూతి ఒక పక్కకే వెళ్ళింది. అయితేనేం, అది నవ్వే. మీ నవ్వు నాకు తెలీదా?

ఎండాకాలంలో పక్షవాతం వచ్చి పడిపోయారు. ఇప్పుడు కార్తీకం వచ్చింది. ఇన్నాళ్ళూ ఒళ్ళు తుడిచింది నేను. నోట్లో ముద్ద పెట్టింది నేను. నన్ను చూసి ఒక్కరోజు నవ్వారా? మీ స్నేహితుడాయన కొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, రికార్డు ప్లేయర్ మీద మీట ఇటునుంచి అటు జరిపాడు. అంతే. దానికి నవ్వు!

పైగా నాకు పాఠం. "చెల్లెమ్మా, ఇది నలభై అయిదు స్పీడు రికార్డు. నువ్వు ముప్ఫై మూడు మీద తిప్పుతున్నావ్. అందుకే పాట అలా సాగి ఏడుస్తోంది. పాపం, మా లక్ష్మీకాంత్ ఇన్నాళ్ళూ ఎలా భరించాడో!"

అయ్యో, నాకేం తెలుసు అన్నయ్య గారూ, ఈ స్పీడులూ అవీ... అన్నాను. ఇంకేమంటాను?

ఇప్పుడు చూసుకోండి మిమ్మల్ని మీరు. కళ్ళు మూసేశారు. చెయ్యి ఒళ్ళో పడుకుంది. ఆ సాక్సోఫోన్ అతను బందరు కాలవ గట్టు మీద సైకిల్ తొక్కే కుర్రాడిలా పోతున్నాడు. మీరు వెనకాల సీటెక్కి కూర్చుని పోతున్నారు. నేనిక్కడే, పటమటలో మనింట్లో, మందుల డబ్బా పక్కన.

ఈ ముఖం నాకు కొత్తా?

కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చేవారు. చెవుల్లో టర్బైన్ల మోత ఇంకా పోలేదనేవారు. స్నానం చేసి, చెవులకి ఆ రెండు నల్ల డిప్పలు తగిలించుకుని కూర్చునేవారు. పెళ్ళైన కొత్తలో "ఏమిటండీ ఈ గోల" అన్నాను. అన్నాను, నిజమే. ఒక్కసారి! దానికి ముప్ఫై ఏళ్ళు చెవులు మూసుకుంటారా ఎవరైనా? పాట నాకు వినపడేదే కాదు. మీ కాలి బొటనవేలు ఆడటం కనపడేది. నాకు తెలిసిన మీ జాజ్ సంగీతం అంతవరకే.

పెట్టెలు మాత్రం చూపించేవారు. ఎప్పుడో పోయినవాళ్ళ పాటలు మళ్ళీ అచ్చేసి, గట్టి అట్టపెట్టెల్లో సర్ది, పెట్టెకో నంబరు వేస్తారట. లోకం మొత్తానికి ఇన్నే. అందులో మనది ఫలానా నంబరు. పుట్టిన పిల్ల బరువు చెప్పినట్టు చెప్పేవారు నాకు. అందులో మంచి పాటలొక్కటే కాదట, చెడగొట్టినవి కూడా ఉంటాయట. మొదలెట్టి ఆపేసినవి, మధ్యలో నవ్వినవి, ఎవరో దగ్గినవి. "అవే అసలైనవి సుధా" అనేవారు. దగ్గు వినడానికి అంత పెట్టె ఎందుకండీ అని నేను, నీకు తెలీదులే అని మీరు.

ఆ తరవాత మీ మాట పడిపోయింది.

స్టెల్లా ఏమంది మొదటిరోజు? మాటలు నేర్పడానికి వచ్చే పిల్లని కూర్చోబెట్టి అడిగాను కదా మీ ముందే. "ఆంటీ, అంకుల్‌కి అన్నీ అర్థమవుతున్నాయి. మాట లోపలే ఉంది, బయటికి రావట్లేదు. ఆయనకి ఇష్టమైన పాటలు పెట్టండి" అంది. సరే అని ఆ డిప్పల వైరు పీకేసి పెద్ద స్పీకర్లకి తగిలించాను. పాతపెట్టెలన్నీ వరసగా వేశాను. మీ పద్ధతే, మొదటి రికార్డు నుంచి, ఒక్కటి కూడా దాటకుండా.

ఏమైంది? ఏమీ అవలేదు. కళ్ళు మూసుకునేవారు. వెళ్ళిపోయేవారు. రికార్డు అయ్యాక తిరిగొచ్చి గోడకేసి చూసేవారు.

అప్పుడొచ్చింది ఈ కొత్త పెట్టె. మీరు బాగున్నప్పుడు బుక్ చేశారు. కొరియర్ కుర్రాడు మీ పేరు చదివి, "సార్‌ని పిలవండి మేడమ్, సంతకం కావాలి" అన్నాడు. ఏమని పిలవను? నేనే పెట్టాను. మీరైతే బ్లేడుతో ఊపిరి బిగబట్టి కోసేవారు ఆ ప్లాస్టిక్కు. నేను కూరగాయల కత్తితో చింపాను. మీరు చూశారు. ఏమనలేకపోయారు.

రికార్డు వేశాను. అమ్మో, ఆ రోజు!

ఇది వేరే రకం కాబోలు అనుకున్నాను. గొంతులు బావిలోంచి వస్తున్నట్టు ఉన్నాయి. పాటకి ముందు ఎవరో ఏదో చెప్పాడు, ఒక్కొక్క ముక్కా కొండరాయిలా దొర్లింది. తరవాత నవ్వారు. అది మనుషుల నవ్వులా లేదండీ. ఇక ఆ ఊదే మనిషి, ఊదబోయే ముందు ఊపిరి పీల్చాడు చూడండి... ఎంతసేపు పీల్చాడనీ! ఐసీయూలో మీ మంచం పక్కన మిషను అలాగే పీల్చేది. ఆపేద్దామని లేచాను.

అప్పుడు కొట్టారు మీరు. ఎడమచేత్తో, కుర్చీ చెయ్యి మీద. ఠప్. మళ్ళీ ఠప్.

తాళం అనుకున్నాను! పిచ్చిదాన్ని కాకపోతే ఏమిటి? "స్టెల్లా, అంకుల్ తాళం వేస్తున్నారమ్మా" అని ఫోన్ చేసి ఏడ్చాను. ఆ పిల్ల మర్నాడే పరుగెత్తుకొచ్చింది. దాని ముందు కూడా కొట్టారు. కొట్టి, నోరు తెరిచి, "క్... కా..." అన్నారు. మొదటిసారి! గొంతులోంచి అక్షరం వచ్చింది. స్టెల్లా కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. "ఆంటీ, ఈ పాటే వెయ్యండి. ఏం పని చేస్తోందో నాకు తెలీదు, ఇదే వెయ్యండి" అంది. ఇంకోమాట కూడా అంది. మీరూ విన్నారు. కొందరికి మామూలు మాట రాకపోయినా, కోపంలో మాట వచ్చేస్తుందట. మొదట వచ్చేది తిట్టేనట చాలామందికి.

ఆ రోజు నుంచీ రోజూ అదే. కింద పోర్షన్ సీతారావమ్మ గారు మెట్లెక్కి వచ్చింది. "ఎవరైనా పోయారా అమ్మా? పొద్దున్న లేస్తే ఆ ఏడుపేమిటి? మా వారికి బీపీ పెరుగుతోంది" అంది. ఎవరూ పోలేదండీ, పాత పాటలు అన్నాను. "మరి ఎవరో మూలుగుతున్నట్టుంది" అంది. ఆ మూలిగేవాళ్ళంతా ఎప్పుడో పోయారండీ అన్నాను. మళ్ళీ రాలేదావిడ.

నిజమే కదా? ఆ పెట్టెలో ఉన్నవాళ్ళలో ఒక్కడూ లేడిప్పుడు. మీరే చెప్పారు. వాళ్ళు మన హాల్లో దగ్గుతున్నారు, కుర్చీలు జరుపుతున్నారు, తప్పు వాయించి నవ్వుకుంటున్నారు. పోయినవాళ్ళందరికీ గొంతులున్నాయి. బతికున్న మనిషికి లేదు. కూర తరుగుతూ వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఎవరో పిలిచినట్టై. మీరు కాదు. వాళ్ళే.

పోనీలెండి. ఇవాళ సంగతికి వద్దాం.

తిరుపతిరావు గారు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే మీరేం చేశారు? ఎడమచెయ్యి ఎత్తి, వేలు నా వైపు చూపించారు. ఆయనకి కళ్ళనీళ్ళు వచ్చాయి పాపం. "చూశావా చెల్లెమ్మా, నీకు థాంక్స్ చెబుతున్నాడు మావాడు. ఇంత సేవ ఎవరు చేస్తారు?" అన్నాడు.

థాంక్సట!

అది థాంక్స్ కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకి నా మీద చెప్పాలని చూశారు. అవునా? ఇది కావాలనే చేస్తోందిరా అని.

అవునండీ. కావాలనే చేశాను.

మొదట్లో తెలీదు, ఒట్టు. దసరా వెళ్ళాక ఒకరోజు గుడ్డతో తుడుస్తూ కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రికార్డు మధ్యలో కాగితం మీద ఉంది, నలభై అయిదని. ప్లేయర్ మీద మీట దగ్గరా అదే అంకె ఉంది. ఇంటర్ చదివాను నేను, అంకెలు కలపలేనా? మీట జరిపాను. పాట లేచి పరుగెత్తింది. అబ్బ, ఎంత హుషారో! ఆ నవ్వులు మనుషుల నవ్వులయ్యాయి. సంతోషంగా మీ వైపు తిరిగాను.

మీరు లేరు. కళ్ళు మూతపడ్డాయి, మొహం మీద ముడతలన్నీ విడిపోయాయి. ఏవండీ అన్నాను. మళ్ళీ అన్నాను. భుజం తట్టాను. కన్ను తెరవలేదు. చెవులకి డిప్పలేమీ లేవు, అయినా తలుపు వేసుకున్నారు. ముప్ఫై ఏళ్ళూ ఆ తలుపు బయటే కూర్చున్నాను నేను. మళ్ళీ కూర్చోమన్నారు.

మీట వెనక్కి జరిపాను.

కళ్ళు తెరిచారు. సూటిగా నన్నే చూశారు. కోపంగా, చంపేసేలా. మన కాపురంలో అంతసేపు నా మొహంలోకి ఎప్పుడు చూశారండీ మీరు? ఠప్ మని కొట్టారు. "కా..." అన్నారు.

అంతే. ఇక నా వల్ల కాలేదు. రోజూ పెట్టాను. మీ కంట్లో నీళ్ళు తుడిచి మళ్ళీ పెట్టాను. స్టెల్లాకి చెప్పలేదు. చెబితే ఊరుకుంటుందా? ఆ పిల్ల బైబిలు చదివే పిల్ల. మీ ప్రాణమైన పాటని మీ ఎదురుగా రోజూ పీక పిసికాను. హింస అంటారా? అనండి. ఆ మాటైనా అనండి, వింటాను.

మీరు ప్రశాంతంగా ఉండాలని అందరికీ ఉంది. తిరుపతిరావు గారికీ ఉంది. నాకు లేదు. ప్రశాంతంగా ఉన్న మనిషిని నేనేం చేసుకోను? ఫోటోకి దండ వేసి పెట్టుకున్నా అంతే ప్రశాంతంగా ఉంటారు.

నాకు మీరు కావాలి. నన్ను తిట్టే మీరైనా సరే.

లేస్తున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, ఉండండి.

ఇదిగో, మీట మీద చెయ్యి పెట్టాను. జరిపాను.

చూశారా, తెరిచారు కళ్ళు. నన్నే చూస్తున్నారు. నీళ్ళు తిరిగితే తిరగనివ్వండి, ఇవాళ తుడవను. ఊఁ, కొట్టండి. కా తరవాత ఏమిటి? పెదవి కలపండి, స్టెల్లా చూపించినట్టు. కాదు అంటారా, కాలముండా అంటారా, మీ ఇష్టం. రెండో అక్షరం వచ్చేదాకా ఈ రికార్డు ఇలాగే తిరుగుతుంది.