ఖాళీగా వదిలిన ఫారాలు

అధ్యక్షులుగా కూర్చున్న మేనేజరు గారికి, పెద్దలకు, కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడ్డ మా బైండింగ్ వాళ్ళకు నమస్కారం. మీరంతా మడతలమ్మ అని పిలిచే మనిషిని నేనే. వయసు అరవై ఆరు. ఇంట్లో నేనూ, మోకాళ్ళు పట్టేసిన మా ఆయనా, మాటకు మాట అప్పజెప్పే మా చెల్లెలూ. చదువు రాదు. ఇవాళ రిటైరయ్యేదాకా ఈ ప్రెస్సులో ముప్పై నాలుగేళ్ళు కాగితాలు మడిచాను గానీ, వాటిలో ఏముందో ఎవరైనా చదివి చెబితేనే నాకు తెలిసింది. ఇప్పుడు నేను చెప్పేది చెప్పినట్టు టైపిస్టమ్మ రాసుకుంటోంది. తల్లీ, నన్ను మరీ మర్యాదస్తురాలిని చేసెయ్యకు. (నవ్వులు)

శాలువా బాగుంది. మేనేజరు గారు "మా ఇంటి పెద్ద" అన్నప్పుడు కళ్ళు తడిశాయి, అబద్ధమాడను. కానీ శాలువాతో పాటు ఒక కాగితమూ చేతిలో పెట్టి, "ఫండ్ కమిటీ పనంతా సక్రమంగా ఉందని వేలిముద్ర వేసెయ్యమ్మా, రేపు పొద్దున్నే మీటింగు" అన్నారే, దాని సంగతి తేల్చాకే ఈ మైకు వదులుతాను.

మన జీతంలోంచి పట్టి ఫండులో దాచి, రిటైరయ్యాక మన చేతికిచ్చే డబ్బును ఎక్కడ పెట్టమంటారో రాయమని ఆరేళ్ళ క్రితం ఫారాలిచ్చారు. వాటిని మడిచింది నేనే. ఆ ఫండ్ కమిటీలో ప్రెస్సు తరఫున మేనేజరు గారూ, మనవాళ్ళ తరఫున నేనూ కూర్చున్నాం. "అక్కా, ఏ గడిలో టిక్కు పెట్టాలి?" అని మావాళ్ళు అడిగితే, "తెలియనప్పుడు ఖాళీగా వదిలెయ్యండే, ఏమీ రాయకపోతే ఎవరేం చేస్తారు" అన్నాను. అది నా తప్పు. ఖాళీ ఫారాల డబ్బంతా మన ప్రెస్సు షేర్లలోకే పోతుందని వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉందట. మొన్న టైపిస్టమ్మ చదివి చెప్పేదాకా నాకు తెలియదు.

మేనేజరు గారూ, నాకు ప్రెస్సు మీద కోపం లేదు. ఇన్నేళ్ళూ తిండి పెట్టింది. కానీ జీతమూ ఇక్కడే, దాచుకున్నదీ ఇక్కడేనా? ఆర్డర్లు లేక రెండు మిషన్ల మీద గుడ్డ కప్పాం. రేపు గేటుకు తాళం పడితే రెండూ ఒక్క రోజే పోతాయి. కమిటీలో కూర్చున్నంతసేపు మీరు ప్రెస్సు మనిషి కాదు, నేను మీ ఇంటి పెద్దనూ కాదు. దాచుకున్నవాళ్ళ తరఫు మనుషులం, అంతే.

ఖాళీగా వదిలినవాళ్ళు చేతులెత్తండమ్మా, జిగురు చేతులైనా ఫరవాలేదు. అయ్యో, మేనేజరు గారూ, మీరూనా! (చాలాసేపు నవ్వులు) "చదివే తీరిక లేకపోయిందమ్మా" అంటున్నారు. నవ్వకండర్రా, ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.

అందుకని ఆ కాగితం మీద నా వేలిముద్ర పడదు. ఖాళీ ఫారాల డబ్బును ఒక్కచోటే కాక నాలుగు చోట్ల పెట్టాలి. ఎక్కడ పెట్టారో మనిషి మనిషికీ చదివి వినిపించాలి. ఈ సాయంత్రం దాకా నేనింకా కమిటీ మనిషినే కాబట్టి, టైపిస్టమ్మ రాసిన దీని మీదే వేలిముద్ర వేస్తాను, దీన్నే నా మాటగా రేపటి మీటింగులో చదవండి.

నన్ను ఇన్నాళ్ళూ భరించిన మీకు నా కృతజ్ఞతలు. శాలువా కప్పితే నోరు మూసుకుంటుందని అనుకున్నవాళ్ళకూ కృతజ్ఞతలే. ఇక సెలవు.

మడతలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: టైపిస్టమ్మ, పుస్తకాలు కుట్టే మిషను పెద్దాయన, మేనేజరు గారు (పెన్ను ఆయనే అడిగి తీసుకున్నారు).