గొట్టం ఊడకూడదని ఏడు ఉత్తరాలు రాసిన సిస్టరమ్మ

చెన్నమ్మ, ఆయా, డయాలసిస్ విభాగం

శ్రీమతి కృపాకుమారి గారు 1989 ఆగస్టు ఏడో తేదీ, సోమవారం నాడు, బెళుగుప్ప ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగంలో చేరినారు. 2026 ఫిబ్రవరి ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం, మన ఆసుపత్రి డయాలసిస్ విభాగం నుండి, అదే స్టాఫ్ నర్సుగా పదవీ విరమణ చేస్తున్నారు. ముప్పై ఆరున్నర ఏండ్ల సేవలో హోదా ఒక్క మెట్టు కూడా ఎందుకు పెరగలేదో ఈ వీడ్కోలు సంచికలో తక్కినవారు రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

బెళుగుప్పలో ఆరేండ్లు వారు టీకాల డబ్బా భుజాన వేసుకొని, బస్సు లేని ఊర్లకు కాలినడకన పోయినారట. 1995లో మన ఆసుపత్రికి బదిలీ అయి, స్త్రీల వార్డులో పద్దెనిమిదేండ్లు పనిచేసినారు. నా భర్త పోయిన మరుసటి ఏడు, 2006లో, నేను ఆ వార్డులోనే ఆయాగా చేరినాను. అప్పటికి నాకు అక్షరం రాదు. సీసాలను మూత రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఆ సంగతి తెలిసిన మొదటి దినమే వారు, "మూత మారిస్తే మనిషిని సంపుతావు, ఏదైనా నన్నడిగినాకే ముట్టుకో" అన్నారు. మెత్తగా మాట్లాడడం వారికి చేతకాదు. వారి భర్త శశికుమార్ గారు, కూతురు సారా ఈ మాట చదివి నవ్వుకుంటారని తెలుసు.

2013లో మన దగ్గర నాలుగు యంత్రాలతో డయాలసిస్ గది తెరిచినారు. కిడ్నీలు చెడినవారికి మెడ దగ్గర రక్తనాళంలోకి గొట్టం వేస్తారు. రక్తం దాని గుండా యంత్రంలోకి పోయి, శుభ్రమై తిరిగి వస్తుంది. ఆ గొట్టానికి చర్మం కింద ఒక చిన్న గుడ్డపట్టీ ఉంటుంది. దాని చుట్టూ కండ పట్టుకుంటే గొట్టం దానంతట అదే నిలుస్తుంది, కాని అందుకు మూడు నాలుగు వారాలు కావాలి. అంతదాకా రెండు కుట్లు, పైన ప్లాస్టరు, అదే దిక్కు. మన ఎండకు, మన చెమటకు ఆ ప్లాస్టరు నిలిచేది కాదు. కుట్లు చర్మాన్ని కోసుకొని తెగేవి. వారానికి మూడుసార్లు గంటల తరబడి బస్సుల్లో వచ్చిపోయే రోగులు ఎవరికి తోచినట్లు వారు గొట్టాన్ని కట్టుకొని వచ్చేవారు. లింగన్న అనే ఆయన బోరు మోటర్లు బాగుచేసేవాడు. ఒక దినం మెడమీద నల్లటి కరెంటు టేపు చుట్టుకొని వచ్చినాడు.

"ఏమప్పా లింగన్నా, నీ మెడ బోరు మోటరనుకున్నావా?" అని సిస్టరమ్మ అడిగినారు.

"ఏం జేయల్ల సిస్టరమ్మా! మీ ప్లాస్టరు బెళుగుప్ప చేరకముందే ఊడిపోతాంది. ఇదైతే వానకు గూడా ఊడదు."

"వానా? యాడుండాదప్పా వాన? నాకూ జూపించు."

నాలుగు మంచాల మీద రోగులు గొట్టాలు కదలకుండా నవ్వడానికి తిప్పలు పడినారు. సిస్టరమ్మ మాత్రం నవ్వుతూనే ఆ టేపును వెచ్చటి నీళ్ళతో తడుపుతూ, చర్మం లేవకుండా, ముప్పావు గంట కూర్చొని ఊడదీసినారు.

ఆ ఏడే బెంగళూరు నుండి వచ్చిన ఒక డాక్టరు గారు వారికొక కొత్త రకం క్లిప్పు చూపించినారు. గోరంత ప్లాస్టిక్ ముక్క, దాని అడుగున రెండు సన్నటి తీగ కాళ్ళు. గొట్టం లోపలికి దూరే రంధ్రంలోనే ఆ కాళ్ళను మడిచి దించుతారు. చర్మం కిందికి పోయినాక అవి చెరో పక్కకు విచ్చుకొని గొట్టాన్ని పట్టుకుంటాయి. కుట్టుతో పని లేదు, చెమటకు భయం లేదు. తీయవలసినప్పుడు తెలిసినవారు మడిచి తీయాలే గాని లాగితే రాదు. అవి కావాలని సిస్టరమ్మ 2014 నుండి 2019 దాకా ఏడు ఉత్తరాలు రాసినారు. స్టోర్సు చూసే మద్దిలేటి గారు ఎగతాళి చేసేవారు.

"ఏమి సిస్టర్, మనుషులకు చాలక గొట్టాలకు గూడా కాళ్ళు కావల్నా?"

"మనిషి నడిచి ఇంటికి పోతాడు గదన్నా. గొట్టం మాత్రం ఆడనే నిలబడల్ల."

ఏడు ఉత్తరాలకూ ఒకటే జవాబు వచ్చింది: దారమూ ప్లాస్టరూ అందుబాటులో ఉన్నందున అవసరం లేదు.

ఇక 2019 ఏప్రిల్ సంగతి. ఓబమ్మ అనే ఆమె రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు గుండీలు కుట్టేది. ఆమె భర్త తిప్పయ్య మూటలు మోసేవాడు. ఇద్దరు పిల్లలు. ఆమెకు గొట్టం వేసి పన్నెండు దినాలైంది. ఆ శనివారం డయాలసిస్ ముగిసేసరికి రెండు కుట్లూ తెగి ఉన్నాయి. "డాక్టరు వచ్చి కుట్టేదాకా ఈమెను పంపొద్దు" అని సిస్టరమ్మ నాతో స్పష్టంగా చెప్పి, స్పృహ తప్పుతున్న ఇంకొక రోగి దగ్గరికి పరుగెత్తినారు. డాక్టరు రాలేదు. గంట గడిచింది. "ఈ బస్సు పోతే మళ్ళా రేపేనక్కా, పిల్లోల్లు ఒంటిగా ఉండారు" అని ఓబమ్మ బతిమాలింది. మన ఆడవాళ్ళ తాళికి ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. నేను ఓబమ్మ తాళి నుండి ఒకటి తీసి, గొట్టానికి చుట్టిన ప్లాస్టరును తాళిదారానికి గుచ్చి, పంపించినాను. తాళి ఎప్పటికీ మెడమీదనే ఉంటుంది గదా అనుకున్నాను. నా బోడిమెడ ఒకసారి తడిమి చూసుకొని ఉంటే ఆ పని చేయకపోదును.

మరుసటి దినం మధ్యాహ్నం ఎండలో మూట దించుతూ తిప్పయ్య గుండె ఆగి చనిపోయినాడు. వాళ్ళ ఇండ్లలో పదో దినం దాకా ఆగరు, శవం లేవకముందే తాళి తీస్తారు. ఏడుపులో, తోపులాటలో, పెద్దామె ఒకతె దారం పట్టి లాగింది. పిన్నీసు ఊడలేదు, గొట్టం ఊడింది.

ఎవరో చిన్నమ్మాయి చీరకొంగుతో మెడ అదిమిపట్టి ఆటోలో తీసుకొచ్చింది. ఆదివారమైనా సిస్టరమ్మ గదిలోనే ఉన్నారు. కొంగు తీసి తన చెయ్యి పెట్టినారు.

"ఇద్దరం ఒగే దినం పోతే పిల్లోల్లు ఏమైతారు సిస్టరమ్మా?" అని ఓబమ్మ అడిగింది.

"నువ్వు పోవు. నేను చెయ్యి తీయను. మాట్లాడొద్దు."

రక్తం నిలిచేదాకా వారు చెయ్యి తీయలేదు. ఆ దినం ఓబమ్మ బతికింది. తొడలో ఇంకొక గొట్టం వేసినారు. అది చీము పట్టి, పందొమ్మిదో దినం ఓబమ్మ చనిపోయింది.

విచారణకు ముగ్గురు అధికారులు వచ్చినారు. "పిన్నీసు పెట్టిందెవరు?" అని అడిగినారు. నేను తలుపు దగ్గర తుడుపుగుడ్డ పట్టుకొని నిలబడి ఉన్నాను.

"ఆ గదికి నేను బాధ్యురాలిని. అంతే రాసుకోండి సార్," అన్నారు సిస్టరమ్మ. తర్వాత ఏడు ఉత్తరాల నకళ్ళు బల్లమీద పెట్టినారు. వాటిని ఎవరూ తిప్పి చూడలేదు.

వరండాలో వారి వెంటబడి, "నేనేనని చెప్తానమ్మా" అన్నాను.

"చెప్తే ఏమైతాది? నీ ఉద్యోగం పోతాది. క్లిప్పు మాత్రం రాదు. పోయి మూడో మంచం దుప్పటి మార్చు." రెండడుగులు వేసి మళ్ళా తిరిగినారు. "నీ మీద దయతో నీ పేరు దాచలేదు చెన్నమ్మా. నువ్వు జేసింది తప్పే. నిన్ను జూస్తే నాకు వొళ్ళు మండుతాంది."

నెల దినాలు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక దినం పాత మందుల డబ్బా నా ముందు పెట్టి, దానిమీది మొదటి అక్షరం చూపించి, దిద్దమన్నారు. చదవడం రానివారు తన గదిలో ఉండకూడదన్నారు. నాకప్పుడు యాభై రెండేండ్లు. అట్లా నేర్చిన చదువుతోనే, నోటీసు బోర్డు మీద అంటించిన కాగితాన్ని కూడబలుక్కొని చదివినాను. విధి నిర్వహణలో నిర్లక్ష్యం కారణంగా కృపాకుమారి గారికి హెడ్ నర్సు హోదా నిలిపివేయడమైనది, అని ఉంది. ఆ ఏడు రావలసిన హోదా మరి రాలేదు. వారికన్న తొమ్మిదేండ్లు చిన్నవారు హెడ్ నర్సులై, వారి చేతనే సంతకాలు పెట్టించుకున్నారు.

2022లో పైనుండి ఆదేశం వచ్చి ఆ క్లిప్పులు మన ఆసుపత్రికి చేరినాయి. అధికారులు డబ్బా పట్టుకొని ఫోటో దిగినారు. ఉత్తరాల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ సమయంలో సిస్టరమ్మ గదిలో మొదటి క్లిప్పు వేస్తున్నారు. నాటి నుండి ఈనాటిదాకా మన గదిలో గొట్టం ఊడి ఒక్కరూ రక్తం కార్చుకోలేదు. నలుగురు నర్సులకు వేయడం నేర్పినారు. లాగకూడదు, మడిచి తీయాలి అని ప్రతి మంచం పైన తెలుగులోనూ కన్నడంలోనూ రాసి పెట్టినారు. ఇదంతా 2014లో జరగవలసింది. జరిగి ఉంటే ఓబమ్మ పిల్లలకు ఈ దినం తల్లి ఉండేది.

సంచిక తయారుచేసేవారు నన్ను సిస్టరమ్మ ఓర్పు గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. వారికి ఓర్పు ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. వారు ఓర్చుకొని ఉంటే ఏడు ఉత్తరాలు రాసేవారు కాదు. ఓర్పు మాదే. ఆరేండ్లకు పైగా నోరు మూసుకొని ఓర్చుకున్నది నేను, ఈ ఆసుపత్రి.

మొన్న సోమవారం నేను కార్యాలయంలో ఒక అర్జీ ఇచ్చినాను. ఆ పిన్నీసు పెట్టింది నేనని, పంపవద్దని సిస్టరమ్మ చెప్పినా పంపింది నేనని, వారి సర్వీసు పుస్తకంలోని నిర్లక్ష్యం అన్న మాట కొట్టేయాలని రాసి సంతకం పెట్టినాను. నాకింకా పద్నాలుగు నెలల ఉద్యోగం ఉంది. దానిని ఏం చేస్తారో అధికారుల ఇష్టం. ఇది చదివి సిస్టరమ్మ కోపపడతారు. పడనివ్వండి.

సిస్టరమ్మా, మీరు ఆరోగ్యంగా ఉండాలి. వేడి అన్నం వేళకు తినాలి. శశికుమార్ గారితో, సారాతో, పుట్టబోయే మనవలతో చాలా ఏండ్లు చల్లగా ఉండాలి. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసిన కాగితం మీ చేతికి అందేదాకా మీరు తప్పకుండా ఉండాలి. ఇక్కడ కాగితం కదిలే తీరు మీకు తెలుసు గదా, అంతకంటె దీర్ఘమైన ఆయుష్షును కోరడం నాకు చేతకాదు.