చంద్రమ్మకు చేతితొడుగులు

చలికాలపు ఎండుమాంసానికి ఉన్నినిచ్చే అల్పాకాల్లో ఏయే ముసలివాటిని కోయాలో తేల్చే ఉదయమది. మందలో మిగిలేవాటి చెవులకు ఎర్ర ఉన్ని కుచ్చు కడతారు. రాతిదొడ్డి గోడవారన కోకా ఆకులు నములుతున్నవారి మధ్య ఇలారియో గొంతు సవరించుకున్నాడు. అతని వెనుక ముసలి అల్పాకా ఊర్పి నిలబడి ఉంది. దానికి పదిహేనేళ్లు, నోట్లో పన్ను లేదు, చెవికి కుచ్చు లేదు. నాలుగేళ్ల కిందట పోయిన భార్య సీసాపాలతో పెంచిన జీవం. దాన్ని కోయవద్దని నోరు తెరిచి అడగడం ఇలారియోకు చేతకాదు. గొప్పలు చెప్పడం మాత్రం వచ్చు.

"ఈ మఫ్లరు చూశారా? పోయినేడు ఊర్పి ఉన్ని గుప్పెడు వడికితే వచ్చింది. మెడకు చుట్టుకుంటే మంచులో కూడా చెమటలే! సరే, అది మామూలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన నూలుండను కొండరాబందు తన్నుకుపోయింది. నేను కొస వదుల్తానా? అరెకిపా పట్నం దాకా అది ముందు, నేను వెనక, గాల్లోనే! నూలు తెగితే ఒట్టు!"

"చెప్పులు జారలేదా మామా?" అన్నాడు కత్తి నూరుతున్న బ్రౌలియో.

"ఒకటి జారింది. అరెకిపా సంతలో ఉంది, వెళ్లి చూసుకో. తిరిగొస్తుంటే నూలు ఆకాశంలో నెలవంకై ఉన్న చంద్రమ్మ కొమ్ముకు తగులుకుంది. 'ఇలారియో, చేతులు కొంకర్లు పోతున్నాయయ్యా' అంది తల్లి. అక్కడే కూర్చుని చేతితొడుగులు అల్లిచ్చాను. అప్పట్నుంచి వెన్నెల వెచ్చగా లేదూ?"

"నిన్న బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి మామా!"

"తొడుగులు ఉతికి ఆరేసుకుని ఉంటుంది."

దొడ్డంతా నవ్వింది. ఇలారియో చూపు మాత్రం కత్తి మీదే ఉంది.

మరదలు యూఫ్రాసియా లేచింది. ముప్పై ఏళ్లుగా ఉన్నిని వేళ్లతో తడిమి రకం తేల్చే మనిషి; ఆమె మాటకు అక్కడ తిరుగులేదు. మఫ్లరు అంచు రెండు వేళ్ల మధ్య నలిపింది.

"ఇది ఊర్పిది కాదు బావా. తొలి కత్తెర పడిన కూనది. వడికింది మా అక్క. ఈ పురి నాకు తెలియదా?" తర్వాత ఊర్పి డొక్క మీది ఉన్నిలో చెయ్యి పెట్టింది. "దీనిది ముళ్లకంప. దీంతో తొడుగులు అల్లితే చంద్రమ్మ మన మొహాన ఉమ్మేస్తుంది. తాళ్లకు తప్ప పనికిరాదు."

నవ్వులు ఆగాయి.

యూఫ్రాసియా నడుముకున్న సంచిలోంచి ఎర్ర కుచ్చు తీసింది. "పోయిన కత్తిరింపులో జీవాల కాళ్లు కట్టే తాళ్లు మూడు తెగాయి. వాటికి ఉన్ని ఎవరిస్తారు, రాబందా? ఇదిగో, పట్టు."

ఇలారియో కుచ్చు తీసుకుని ఊర్పి చెవి అందుకున్నాడు. "దీని తాడుతో ఒకసారి టిటికాకా సరస్సును ఈ ఒడ్డుకు లాగి..."

"బావా," అంది యూఫ్రాసియా, "ముందు ముడి వెయ్యి."