కుడివైపు పాత రంగు

ఆ స్టూలు ఇలా లాగవే, మోకాళ్ళు మాట వినడం లేదు. ఏమన్నావ్? కారు ఒకవైపు ఆకుపచ్చగా, ఒకవైపు బూడిదరంగుగా ఎందుకుందనా? పుట్టినప్పట్నుంచీ చూస్తూ ఇన్నాళ్ళకా అడగడం? గీకేశారే. మీ నానమ్మ ఊళ్ళో లేనప్పుడు ఈ ఎడమవైపంతా రేకు తేలేదాకా గీకేశారు. ఎవరో దారినపోయేవాళ్ళు కాదు, మన పాతకార్ల సంఘంవాళ్ళే. ప్రేమకొద్దీ గీకారు, అది ఇంకా ఘోరం. పగవాడైతే ఏ మూలో ఒక గీత గీసి పారిపోతాడు. ప్రేమున్నవాళ్ళు చొక్కాలు విప్పి, చెమటలు కక్కుతూ, ముందు మడ్‌గార్డు నుంచి డిక్కీదాకా శ్రద్ధగా కానిస్తారు.

మీ నానమ్మంటే నాకు వదినే కదా, ఇద్దరం ఒక ఇంట్లోనే ఉండేవాళ్ళం, అందుకని నాకు తెలుసు. మా అన్నయ్యది, అదే మీ తాతది, ఇంజిను పిచ్చి. బానెట్టు ఎత్తాడంటే కంచంలో అన్నం చల్లారాల్సిందే. సంఘంలో ఎవరి బండి మొరాయించినా ఈయనకే కబురు. వెళ్ళి ఇంజినుకి చెవి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకుని, రోగం చెప్పేవాడు. దాంతో కారంతా ఆయన చేతిదే అనుకున్నారు జనం. కాదు. పెళ్ళైన కొత్తలోనే పంపకాలైపోయాయి. ఈయన నూనె చేత్తో కారు తలుపు పట్టుకున్నాడట, వదిన చూసి, ఇంకోసారి ఆ చేత్తో ముట్టుకుంటే ఊరుకోనంది. సరే తల్లీ, బానెట్టు కింద ఉన్నది నాది, పైన ఉన్నది నీది అన్నాడాయన. వేళాకోళానికే అన్నాడు. ఆవిడ నిజంగానే తీసుకుంది. అప్పటికే ఆ రంగు ఆవిడకంటే పెద్దది. మా నాన్న కొన్నప్పుడు ఫ్యాక్టరీలో వేసినదే, దానిమీద ఇంకో కుంచె పడలేదు. దాన్ని తుడవడం ఎలాగో చూసి తీరాలి. ముందు ఈకల కుచ్చుతో దుమ్ము లేపేది. నొక్కకూడదట, నొక్కితే ఆ దుమ్మే గీతలు పెడుతుందట. గాజులూ ఉంగరమూ తీసి, అదుగో, ఆ కిటికీ అంచున పెట్టేది. అప్పుడు పాత మెత్తటి గుడ్డ. ఆ గుడ్డ చేయిజారి నేల తాకిందా, ఇంక అది కారుకి పనికిరాదు, నేలమీది ఇసుక అంటుకుని ఉంటుందని వంటింట్లోకి విసిరేసేది. మా వంటింటి గుడ్డలన్నీ ఇక్కడ ఉద్యోగం ఊడినవే. మా అన్నయ్య గుమ్మంలో నిలబడి, నా చెయ్యి ఎప్పుడైనా ఇంత నెమ్మదిగా పట్టుకున్నావా అనేవాడు. కడుక్కుని రా, చూద్దాం అనేది. రంగు వెలిసింది, కొత్తది కొట్టిద్దామని ఆయనా అడక్కపోలేదు. కొత్తది డబ్బాలో ఎప్పుడూ దొరుకుతుంది, ఇది పోతే ఏ డబ్బాలో తెస్తావు అనేది.

ఎక్కడున్నాను? ఆఁ, గీకడం. వాళ్ళ సంఘంలో ఒక పద్ధతుండేది. అందరి షెడ్ల తాళంచెవులకీ నకళ్ళు చేయించి సంఘం గదిలో మేకులకి వేలాడదీసేవాళ్ళు. ఎవరికి జాకీ కావాలన్నా, పానా కావాలన్నా వెళ్ళి తీసుకోవడం, పనయ్యాక తెచ్చి పెట్టడం. మంచి పద్ధతే. మా అన్నయ్య పోయాక కూడా మన తాళంచెవి ఆ మేకుకే ఉంది. ఆ ఏడాది కార్ల ఊరేగింపు ఆయన పేరుమీద చేద్దామనుకున్నారు. వాళ్ళ ప్రెసిడెంటుని అందరూ హారన్ అనేవాళ్ళు, ఎందుకంటే ఎవరూ నొక్కకుండానే మోగేవాడు. ఆయనకి కుడిభుజం ఒక పళ్ళ డాక్టరు. మంచివాడే పాపం, పళ్ళు గీకే పుల్లలతో కార్బురేటర్లు శుభ్రం చేసేవాడు, ఆ పుల్లలే మళ్ళీ నోట్లో పెడతాడేమోనని నేను పన్ను నొప్పెట్టినా వెళ్ళేదాన్ని కాదు. సరే, మీ మేనత్త కానుపుకని వదిన వెళ్ళింది. ఇదే అదననుకుని వీళ్ళు తాళం తీసుకుని దిగారు. ఆవిడ వచ్చేసరికి కారు అద్దంలా ఉండాలని ఆశ. నేను అడ్డుపడితే, మీకు తెలీదమ్మా, ఆవిడే సంతోషిస్తుంది చూడండి అన్నాడు హారన్. నా మాట వినేదెవరు. వెంటనే వదినకి ఫోను చేశాను. బిడ్డని ఒళ్ళోంచి దించి బయల్దేరిందిట.

వచ్చేసరికి ఎడమవైపు అయిపోయింది. డాక్టరు కుడివైపు తలుపు దగ్గర రంగు గీకే ఎమరీ కాయితం మడత పెడుతున్నాడు. వదినని చూసి బళ్ళో పిల్లాడిలా దాన్ని వీపువెనక్కి దాచాడు. ఆవిడ పెట్టె కింద పెట్టి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. నేలమీద ఆకుపచ్చ పొడి. వంగి వేలితో ఇంత తీసి చూసుకుంది. హారన్ మోగడం మొదలెట్టాడు. "అంతా అయ్యాక చూపిద్దామనుకున్నాం చెల్లెమ్మా. మావాడు ఇంజిను దేవుడు, కాదనం. పైరంగు సంగతి మాత్రం జన్మలో పట్టించుకోలేదు. వాడి పేరుమీద ఊరేగింపులో కారు ఇలా వెలిసి ఉంటే మాకు నామోషీ కాదూ?"

వదిన ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఏమీ లేదు. "ఆయన పట్టించుకోకపోవడమేం, ముట్టుకోవద్దని నేనే చెప్పాను. ఇంజినే ఆయనది. మీరు గీకింది నా పని" అంది.

ఆ సంగతి వాళ్ళలో ఎవరికీ తెలీదు మరి. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో టీలు తాగారు, ఆవిడ గుడ్డ పట్టుకుని ఉంటే ఇల్లు దులుపుతోందనుకున్నారు. డాక్టరేమో, సగం ఎలాగూ పోయింది కదా వదినగారూ, రెండోవైపు కూడా కానిస్తే ఒకే రంగుకి వస్తుందన్నాడు. పన్ను పీకేముందు చెప్పే మాటలా, నెమ్మదిగా. ఆవిడ అతని వెనక్కి చెయ్యి చాపి ఆ కాయితం తీసేసుకుంది. "తుప్పు పట్టకుండా గీకినవైపు ఆ బూడిదరంగు ప్రైమర్ కొట్టండి. అక్కడితో ఆపండి. దానిమీద రంగు వెయ్యొద్దు, ఇటువైపు చెయ్యి వెయ్యొద్దు" అంది. ఆ సాయంత్రమే సంఘం గదికి వెళ్ళి మేకుకున్న తాళంచెవి తీసుకుని కొంగున కట్టుకుంది.

సంఘం మానేసిందనుకున్నావా? అబ్బే. ఆదివారాలు డాక్టరు వచ్చి ఇంజిను చూసేవాడు, ఈవిడ తాళం తీసి, పనయ్యేదాకా ఇదే స్టూలు మీద కూర్చుని, మళ్ళీ తాళం వేసుకునేది. ఊరేగింపుకీ వెళ్ళింది. ఈ అర్ధనారీశ్వరం వేషంతో వస్తే జనం నవ్వుతారు చెల్లెమ్మా అని హారన్ ఇంటికొచ్చి బతిమాలాడు. నవ్వనీండి, పుచ్చుపళ్ళు బయటపడితే మన డాక్టరుకి పని దొరుకుతుంది అంది. ఊరేగింపులో మార్కులు వేసేవాళ్ళు ఏటా వచ్చి, చూసి, తల గోక్కుని సున్నా వేసి పోయేవాళ్ళు. కొన్నాళ్ళకి ఏమైంది, హారన్ తన కారుకి, అదీ ఫ్యాక్టరీలో ఈ ఆకుపచ్చే, అసలు రంగు ఎలా ఉండేదో తెలియక, రంగేసిన అరచేతంత రేకుముక్క పట్టుకుని వచ్చి ఈ కుడి తలుపుకి ఆనించి చూసుకున్నాడు. అన్ని కార్లూ గీకేసి రంగులేసేశారుగా, పాతది ఇంకెక్కడుంది? వదిన ముందు ఆ ముక్క అంచులు నునుపు చేసుకు రమ్మని తిప్పి పంపింది, అంతే.

మీ నాన్న ఉద్యోగంలో చేరాక, రంగు వేయిస్తానమ్మా అన్నాడు. వద్దంది. వాడి పెళ్ళికి అన్నాడు, వద్దంది. ఎడమవైపు వేయించలేదు, కుడివైపు గీకించలేదు, ప్రాణం ఉన్నంతకాలం అదే మాట. ఆ సంచిలో ఏమిటి, రంగుల నమూనా అట్టలా? ఆకుపచ్చలే తెచ్చావూ. పెట్టు, ఆ కిటికీలో పెట్టు, తర్వాత చూద్దాం. ఈకల కుచ్చు ఆ మేకుకుంది చూడు. ఉండు, ముందు ఉంగరం తియ్యి.