రేపు చెప్పాల్సిన మాట

కంపెనీ పంపిన లీడర్‌షిప్ శిక్షణ ముగించుకొని వచ్చిన ఫ్యాక్టరీ మేనేజరు, అదే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉన్న మేనమామతో కలిసి అరియాంకుప్పం బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు.

"వారమంతా హోటల్లో ఏం నేర్పినార్రా?"

"పెద్ద కంపెనీల సీఈవోలు వచ్చి పాఠాలు చెప్పినారు మామా. చెడ్డవార్త ఉంటే లీడరే సొంతంగా చెప్పాలంట."

"మంచి మాటే కదా. మొగం ఏంది అట్లుండాది?"

"పెయింటింగ్ సెక్షన్ మూసేస్తా ఉండారు. రేపు పొద్దున నేనే చెప్పాల."

"నా సెక్షన్ అది."

"అవును మామా."

"నీకెప్పుడు తెలిసింది?"

"శిక్షణకు పోకముందే. దీనికోసమే పంపినారు."

"వారం నుంచి మా సెక్షన్ పిల్లోళ్లు దీపావళికి ఓవర్‌టైం చేస్తా ఉండార్రా."

"తెలుసు. నీకు మాత్రం స్టోర్స్‌లో ఉద్యోగం ఇమ్మని అడిగినా. ఒప్పుకున్నారు."

"నన్ను అడిగినావా?"

"లేదు."

మేనమామ బస్సు వచ్చే దారి వైపు తిరిగాడు.

"అలిసిపోయినా మామా. రేపు ఎట్లా నోరు తెరిచేదో తెలీడం లేదు."

"నువ్వు చెప్పేటప్పుడు నీ పక్కనే నిలబడతాలే. నువ్వు మా అక్క కొడుకువి."

"ఆ తర్వాత?"

"మా పిల్లోళ్లతో కలిసి గేటు దాటిపోతా."