ఒడ్డు మీది కరెంటు

రాయ్‌పూర్ ఉర్లాలోని ఫ్యాక్టరీలో కరెంటు ప్యానెళ్ళు బిగించే శివాజీ రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లతో మంచం మీద కూర్చున్నాడు. కుడివైపు కట్టు మణికట్టు దగ్గరే ఆగిపోయింది, ఆ కింద చెయ్యి లేదు. భార్య ఉమారాణి అతనికి అన్నం తినిపిస్తోంది. ఎదురుగా కుర్చీలో తమ్ముడు ధనుంజయ్. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మరిది ముఖం వైపు చూడనే లేదు.

"…అదే చెప్పెయ్ అన్నయ్యా. మరిచిపోయేనని. బస్, అంతే."

"ఏటి మరిచిపోయేను?"

"తాళం. మెయిన్ స్విచ్చికి తాళం వెయ్యడం మరిచిపోయి గోతిలోకి దిగేవు. రేపు ఎంక్వైరీ వాళ్ళు ఇంటికొచ్చి అదే అడుగుతారు."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. ఉమా, పప్పులో ఉప్పేసేవా?"

"వేసేనండీ. తెలీట్లేదా?"

"తెలీట్లేదు."

"మందులకి నోరు అలాగే ఉంటదని డాక్టరు చెప్పేడు కదా అన్నయ్యా."

"నోరొక్కటే కాదురా. ఏదీ తెలీట్లేదు. చెయ్యి తీసేసేం అన్నప్పుడు కూడా ఎవరి చెయ్యో అన్నట్టే విన్నాను. ఏడుపన్నా రావాలి కదా. అదీ రాలేదు."

"ఇంకో ముద్ద తినండి. ధనుంజయ్, మొన్న తెలీబంధా నుంచి నళిని పిన్ని వచ్చింది. సముద్రమే లేని ఊరి మనిషికి ఓడ దగ్గర కరెంటు కొట్టడమేటే అని అడిగింది."

"నువ్వేం చెప్పేవు వదినా?"

"ఏం చెబుతాను? షికారు ఓడ రేవులో ఆగినా లోపల దీపాలకీ ఏసీలకీ ఇంజన్లు ఆడుతూనే ఉంటాయంట, ఊరి మీదకంతా పొగంట. అందుకని ఒడ్డు మీంచి లావుపాటి కేబుల్ వేసి కరెంటిస్తే వాళ్ళు ఇంజన్లు ఆపుకుంటారంట. ఆ ప్యానెళ్ళు మా ఉర్లాలో చేసేరు, అన్నదమ్ములిద్దరూ బిగించడానికి వెళ్ళేరు అని చెప్పేను."

"బాగా చెప్పేవు."

"ఇద్దరూ వెళ్తే ఒకడికే ఎలా తగిలిందే అని కూడా అడిగింది."

"వదినా…"

"అడిగింది కాబట్టి చెప్తున్నాను."

"నేను లోపల గదిలో ఉన్నాను, స్విచ్చి దగ్గిర. అన్నయ్య ఒడ్డున, ప్లగ్గుండే గోతిలో ఉన్నాడు. గదిలోంచి ఒడ్డు కనబడదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"దాని మీద అరవకురా. అది ఊరికే అడిగింది. ఒరే, చివరికి ఆ ఓడకి కరెంటు వెళ్ళిందా?"

"వెళ్ళింది అన్నయ్యా. తరవాత వేరేవాళ్ళు వచ్చి ఇచ్చేరు."

"ఇంజన్లు ఆగేయా?"

"ఆగేయి."

"మంచిదే. అంత పెద్ద ఓడ ఒక్కసారిగా చప్పుడు మానేస్తే ఎలాగుంటదో విందామనుకున్నాను."

"ఛోడో అన్నయ్యా, ఇప్పుడవన్నీ ఎందుకు? రేపటి సంగతి చూడు."

"నాకు గుర్తున్నది ఒక్కటేరా. ప్లగ్గులోకి ఉప్పునీళ్ళు దిగేయి, తుడవాలని గుడ్డ పట్టుకుని బయల్దేరేను. తరవాత ఆసుపత్రిలో ఫ్యాను తిరగడం చూసేను. మధ్యలో ఏమీ లేదు."

"అదింక గుర్తుకు రాదన్నారు కదా. అందుకే నేను చెప్పేది విను."

"వింటున్నాను. గాని తాళం వెయ్యకుండా దిగడమేట్రా నేను? కుర్రాళ్ళని నోరు నొప్పెట్టేలా తిట్టింది నేనే కదా. గోతిలో మనిషుండగా ఎవడూ కరెంటు వదలకుండా ఎవడి తాళం వాడిదే, వేసినోడే తియ్యాలి, బ్రహ్మదేవుడొచ్చినా ఇంకోడు ముట్టకూడదని."

"ఆ రోజు గడబిడ అలాంటిది. షామియానా, పూలదండలు, రిబ్బను కత్తిరించడానికి పెద్దోళ్ళు. ఓడవాళ్ళేమో ఫోను మీద ఫోను. జల్దీ జల్దీ అని మేనేజరు నెత్తి మీద కూర్చున్నాడు."

"మేనేజరు గదిలోకి వచ్చేడా ధనుంజయ్?"

"ఆఁ… రాలేదు వదినా. గుమ్మంలో ఉన్నాడు. వచ్చేడేమో మరి. ఎందుకు?"

"ఊరికే."

"చూడన్నయ్యా, మరిచిపోయేనన్నావనుకో, పొరపాటు జరిగిందని రాసుకుని పోతారు. లేదన్నావా, అందరినీ పిలుస్తారు. నన్నూ పిలుస్తారు. మా ఆవిడ వీణ చూస్తే నిండు నెలల్తో ఉంది."

"తెలుసులేరా. చెప్తాను. చెయ్యే పోయేక పేరెందుకు నాకు? శివాజీ మరిచిపోయేడు, చెయ్యి పోగొట్టుకున్నాడు. రాసుకోమను."

"పేరెందుకా? వేసేనా, వెయ్యలేదా అని నిద్దట్లో గొణుక్కుంటున్నది ఎవరండీ? పక్కన పడుకుని రోజూ వింటున్నాను."

"వెయ్యలేదని తమ్ముడు చెప్తున్నాడు కదే. వాడు నాకెందుకు అబద్ధం చెప్తాడు?"

"ధనుంజయ్, స్విచ్చికి తాళం లేదు. నువ్వు చూసేవు."

"చూసేను. లేదు."

"ఒట్టేనా?"

"ఒట్లెందుకు వదినా? లేదన్నాను కదా, లేదు."

"మరి తాళం ఎక్కడున్నట్టు?"

"పనిముట్ల సంచీలోనే ఉండిపోయుంటది. చెవితో సహా. అసలు బయటికి తీస్తే కదా."

"నిన్న ఆసుపత్రి వాళ్ళిచ్చిన బట్టల మూట విప్పేను. ఇన్నాళ్ళూ ముట్టుకోలేకపోయేను, ఒకటే కాలిన కంపు. పారేద్దామని జేబులు చూసేను."

"ఏటుందే అందులో?"

"తాళంచెవి ఉందండీ. మీ పేరు చెక్కిన బిళ్ళతో."

"తాళమో?"

"లేదు. చెవి ఒక్కటే."

"చెవి ఒక్కటేనా? సరిగ్గా చూసేవా ఉమా? ఆ తాళం మూస్తేనే గాని చెవి ఊడి రాదే. తెరిచి ఉంటే చెవి అందులోనే ఇరుక్కుపోయి ఉంటది. మా పనికి అలాంటివే ఇస్తారు."

"అన్నయ్యా, అదీ…"

"వేసేను. ఒరే, నేను వేసేన్రా!"

"వేసేరండీ. మీరేమీ మరిచిపోలేదు. లేవకు ధనుంజయ్, కూర్చో. చెవి ఈయన జేబులో ఉండగా, ఆ తాళం కొయ్యడానికి కట్టరు నీ చేతికి ఎవరిచ్చేరు?"