సన్న అక్షరాల కవరు

డుంబ్రిగుడ సంత వీధిలో ఒక డిజైన్ షాపు. కంప్యూటర్ ముందు సత్యకుమారి. ఆమె వెనక కుర్చీలో, కొండ ఊళ్ళ కాఫీ గింజలు కొని పొడి అమ్మే షావుకారు రమణమూర్తి.

"ఇదేటి గుంటా, అక్షరాలిలా బక్కసిక్కిపోనాయి? నా పేరు తిండి లేనట్టుంది."

"సన్నంగా ఉన్నా తేటగా కనిపిస్తాయి, షావుకారుగారూ. మీ కవరు ఇరుకు. ఆ పాత లావు అక్షరాల్లో మీ పేరు రెండు ముక్కలైపోయేది. ఇప్పుడు ఒక్క వరసలో నిలబడింది."

"నిజమే. కొసలేటి, గుండ్రంగా సేసినావు?"

"ఈ రకం అక్షరాలకి ముక్కులూ తోకలూ ఉండవు. గెడ్డ నీళ్ళలో రాయిలాగ మొనలు అరిగిపోయుంటాయి. కొనేవాళ్ళ కంటికి గుచ్చుకోవు. మందు సీసాల మీద చూళ్ళేదా? జాగా తక్కువ, మాటలు ఎక్కువ."

"బాగుందే! మరి నా పేరు కింద ఏదో గీకినావు, ఏటది?"

"సోములమ్మ, జీలుగుపుట్టు."

"మీ యమ్మ పేరా? నా కవరు మీదా?"

"కవరు మీద బొమ్మ అమ్మదే కదా. కాఫీ పళ్ళు కోస్తుంటే ఫోన్లో తీసీసారు, అడగనైనా లేదు. పేరేయమంటే జాగా లేదన్నారు. ఈ అక్షరాల్లో ఊరు కూడా పట్టింది."

"తీసీ."

"రెండు మాటలే..."

"తీసీమన్నానా? జనం బొమ్మ సూసి కొంటారు గానీ, పేరడిగి కొంటారేటి?"

"అడిగారు. సంతలో మీ కొట్టు కాడ ఒకామె, ఈ బొమ్మ ఎవరిదండీ అనడిగింది. ఎవరో అడవి మనిషిలే అన్నారు మీరు. మా అమ్మ పక్కనే నిలబడుంది."

"నేను సూళ్ళేదు."

"చూశారు. నవ్వారు కూడా. చనిపోయేదాకా ఆ మాటే తలుచుకుంది."

"పోయినోళ్ళకి పేరెందుకే ఇప్పుడు? బేగి కానీ. ఈ యేటి కవర్లన్నీ ఇయ్యాలే ప్రింటుకెళ్ళాలి."

"నిజంగా తీసీమంటారా? బాగా ఆలోచించి చెప్పండి."

"ఎన్నిసార్లు సెప్పాలి నీకు?"

"సరే. తీసీసాను. విశాఖకి పంపీసాను. ఇంక మార్చలేం."

"అదీ! మంచి గుంటవి. మీ ఊరి పెద్ద, ఆ నాయుడికి సెప్పు, గింజలు బస్తాలకెత్తి ఉంచమని. ఎల్లుండి వ్యాను పంపుతాను."

"నాయుడు మీ జవాబు కోసమే చూస్తున్నాడు."

"నా జవాబేటి?"

"నిన్న చుట్టుపక్కల ఊళ్ళ నాయుళ్ళందరూ నిశాని దేవత రాళ్ళ కాడ కూకున్నారు. సోములమ్మ పేరుంటేనే మీకు గింజలు, లేకపోతే ఏ ఊరూ ఒక్క గింజ ఇవ్వకూడదని రాయి ముట్టుకుని ఒట్టేసుకున్నారు."

"ఏటీ? ఓలమ్మా, ఆపు! ఆ ఫోనెవరికే?"

"చాటింపేసే బారికికి. హలో, గాసి బాబాయా? సత్యకుమారిని. పేరు తీసీమన్నారు. ఊరూరా చాటీ."